పొట్టిగా కోసిన పైపు

చూశావా ఈ నట్టు పొగరు! ఇందాకట్నుంచీ తిప్పుతున్నాను, వీసమెత్తు కదిలితే ఒట్టు. నా చేత్తో నేను బిగించిందే. ఎక్కించేటప్పుడు గిర్రుమని ఎక్కింది, ఇప్పుడు దిగమంటే మొండికేసింది. ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరని ఎప్పుడో సరిపెట్టుకున్నాను గానీ, చివరికి ఇనప ముక్క కూడానా?

లేవకు, లేవకు. ఆ స్టూలు మీదే కూర్చో. నాకేం సాయం అక్కర్లేదు. నవ్వకు కూడా. డాక్టరు ఏమన్నాడు? పెదవికీ గడ్డానికీ వేసిన కుట్లు విప్పేదాకా నోరు కదపొద్దన్నాడా లేదా? ఇక్కడ బండి కింద పడుకుంటే నాకు నీ చెప్పులు తప్ప ఇంకేం కనపడట్లేదు. నువ్వు చేతులు తిప్పినా, కాగితం మీద రాసి చూపించినా లాభం లేదు. ఔనంటే డోరు మీద ఒకసారి తట్టు, కాదంటే రెండుసార్లు. సరేనా?

హమ్మయ్య. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నేను మాట్లాడుతుంటే నువ్వు అడ్డురాకుండా వినడం ఇదే మొదటిసారి.

రెండుసార్లు తట్టావేం? సరే, సరే. అబద్ధమే. నువ్వు ఎప్పుడూ వినేదానివే, నేనే సరిగ్గా చెప్పేవాణ్ణి కాదు. ఆ పెద్ద స్పానరు ఇలా కాలితో తొయ్యి. వంగకు, కాలితో. ఆఁ, అదే.

సాయంత్రం మీ అన్నయ్య ఎవరో పెద్దమనిషిని వెంటబెట్టుకొస్తారట, బండి చూపించడానికి. పొద్దున ఫోన్లో ఒకటే ఉపన్యాసం. "బావగారూ, మా చెల్లెలు ఇక స్టీరింగు ముట్టుకోడానికి వీల్లేదు. ఆ మొక్కలూ వద్దు, ఆ తిరుగుడూ వద్దు. తాళాలు సాయంత్రం నా చేతికి ఇచ్చెయ్యండి" అని. నేను "అలాగేనండీ, అలాగేనండీ" అంటూ తలూపాను. ఫోన్లో తలూపితే ఆయనకేం కనపడుతుంది? అయినా ఊపాను.

నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? మూతికి కట్టుతోనే డిక్కీ అంతా ఊడ్చేశావు, మట్టి రేణువు మిగల్లేదు. ట్రేలన్నీ పక్కింటావిడకి ఇచ్చేశావట, వాళ్ళ పాప బట్టలు పెట్టుకోడానికని. నారు పోసుకునే ట్రేల్లో గౌన్లు పెట్టుకుంటారా ఎవరైనా? ఆ నర్సరీ ఆవిడకి మెసేజి కూడా పెట్టేశావు, "ఇక నేను రాను, మొక్కలు చేరవెయ్యడానికి వేరే మనిషిని చూసుకోండి" అని. నిన్న నీ ఫోను ఛార్జింగుకి పెడుతూ చూశాన్లే. ఆవిడ వరసగా ఏడుపు బొమ్మలు పెట్టింది. నువ్వు ఒక్కదానికీ జవాబివ్వలేదు.

ఎంత ఇష్టపడి పెట్టుకున్న పని అది! ఎవరింటికి ఏ మొక్క, ఏ కుండీ, ఎండ ఎటు పడుతుంది, అన్నీ నీకు కంఠతా. ఒకావిడ గులాబీకి చీడ పట్టిందని ఫోన్ చేస్తే, తింటున్న కంచం పక్కన పెట్టి వెళ్ళావు. నాకు జ్వరం వచ్చినప్పుడు అంత కంగారు పడలేదు నువ్వు.

తట్టకు, హాస్యానికన్నాను.

మరి అమ్మేసే బండికి కొత్త సైలెన్సరు ఎందుకండీ అని అడగవేం? పొద్దున్నించీ నీ మొహంలో ఆ ప్రశ్న కనపడుతూనే ఉంది. గోడకి గుద్దుకున్నప్పుడు పైపు కదిలిపోయింది, అందుకని మారుస్తున్నాను.

రెండా? ముందు గుద్దుకుంటే వెనక పైపు ఎలా కదిలిందంటావు. అదీ నిజమే. నీకు తెలివి ఎక్కువని నేనెప్పుడూ కాదనలేదు.

ఆఁ! వచ్చింది, వచ్చింది! కదిలింది నట్టు! జరుగు కాస్త, మసి రాలుతుంది, నీ చీర మీద పడుతుంది. ఆఖరి రబ్బరు కూడా లాగేస్తే... అబ్బా, మోచెయ్యి! ఏం కాలేదు, ఏం కాలేదు, దోక్కుపోయిందంతే. ఇదిగో, పైపు బయటికి తోస్తున్నాను. నీ కాళ్ళ దగ్గర పెట్టుకో. ఆ అట్టపెట్టెలో కొత్తది ఉంది, అది కూడా దీని పక్కన పడుకోబెట్టు. మెల్లిగా. చివరలు సమానంగా పెట్టు, పెట్టెలా ఉంది చూశావా, ఆ లావుపాటి భాగాలు రెండూ ఒక వరసలోకి రావాలి.

పెట్టావా?

ఇప్పుడు తోకల వైపు చూడు.

చూశావా ఎంత పొట్టిదో నాది? బండికి వెయ్యాల్సిన పైపు ఆ కొత్తదానంత ఉండాలి. బంపరు దాటి బయటికి రావాలి, పొగ బయట వదలాలి. నేను వేసింది డిక్కీ కిందే ఆగిపోయింది. పొగంతా డిక్కీ కడుపు కింద వదిలింది. అలా ఎందుకొచ్చింది అంటే... షాపువాడి తప్పేం లేదు. వాడు సరైనదే ఇచ్చాడు. నేనే కోశాను.

ఆ రోజు గుర్తుందిగా? పాత సైలెన్సరు తుప్పు పట్టి చిల్లులు పడి, నువ్వు వీధి మలుపు తిరిగితే చాలు ఇంట్లో గిన్నెలు అదిరేవి. షాపులో ఇచ్చెయ్యండి బావగారూ అన్నారు మీ అన్నయ్య. "మీరు బల్బు మార్చినా ఫ్యూజు పోతుంది, మీకెందుకు" అని అందరి ముందూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. అంతే, పంతం పుట్టింది నాకు. వీడియోలు చూసి, జాకీ అరువు తెచ్చుకుని, ఇదే వాకిట్లో దూరాను ఈ బండి కిందకి.

అంతా బాగానే కుదిరింది. నిజంగా! చివరి కొక్కెం దగ్గరికొచ్చేసరికి, దానికి వెయ్యాల్సిన రబ్బరు ముక్క లేదు. పాతది లాగేటప్పుడు తెగిపోయింది. కొక్కెం పట్టుకోకపోతే తోక వేలాడుతుంది, బంపరుకి కొట్టుకుని టకటకలాడుతుంది. ఒళ్ళంతా గ్రీజు. మళ్ళీ బట్టలు మార్చుకుని, షాపు దాకా వెళ్ళి, ఒక రబ్బరు ముక్క అడగాలి. బద్ధకించాను. పైగా నువ్వు స్నేహితురాలి ఇంటి నుంచి వచ్చేసరికి బండి స్టార్టు చేసి చూపించాలని నాకు. వేలాడే తోక ఉంటేనే కదా బాధ అనుకుని, రంపం తీసుకుని కొక్కేనికి ఇవతలే కోసేశాను. కోసిన ముక్క గోడ పక్కన పడేశాను. దాంతో నువ్వు చిక్కుడు తీగకి ఊతం పెట్టావు.

నువ్వొచ్చి స్టార్టు చేసి, చెవి రిక్కించి విని, "అయ్యో, ఆగిపోయిందా ఏంటి ఇంజను, ఏమీ వినపడదే!" అన్నావు. నా జన్మలో నన్నెవరూ అంత మెచ్చుకోలేదు. "ఇక బండిలో పాటలు వినొచ్చు" అన్నావు. వీధి వీధంతా చెప్పుకొచ్చావు, మా ఆయనే మార్చారు, మా ఆయనే మార్చారని.

నీకు తలనొప్పి మొదలైంది ఆ తర్వాతే.

నువ్వు బండి నడిపే పద్ధతి ఒకటుందిగా. పొడుగు మొక్కలు పట్టవని డిక్కీ సగం తెరిచి తాడుతో కట్టేస్తావు. గాలికి లేత ఆకులు చిరిగిపోతాయని అద్దాలన్నీ ఎత్తేస్తావు. ఎంత ఉక్కపోసినా ఎత్తేస్తావు, నీకు చెమట పట్టినా ఫర్వాలేదు, వాటికి మాత్రం గాలి తగలకూడదు. అద్దాలు మూసుకుని, డిక్కీ తెరుచుకుని బండి పోతుంటే, వెనకనున్న గాలిని లోపలికి లాక్కుంటుంది. ఆ గాలిలో ఏముంది? నేను డిక్కీ కింద వదిలిన పొగ. అదంతా ఎక్కడికి పోతుంది మరి? నీ ఊపిరితిత్తుల్లోకే.

ఆ పొగలో ఓ పాడు గాలి ఉంటుంది. కంటికి కనపడదు, ముక్కుకి తెలీదు. తల పోటు, కడుపులో దేవినట్టుండటం, మగతగా ఉండటం, తర్వాత స్పృహ తప్పడం. అచ్చం నిద్ర పట్టినట్టే ఉంటుంది పైకి.

నువ్వు రోజూ చెప్పావు. "తల పగిలిపోతోందండీ" అన్నావు. నేనేం చేశాను? "వయసు వస్తోంది, చత్వారం" అని వెక్కిరించి కళ్ళజోడు షాపుకి లాక్కెళ్ళాను. ఆ అక్షరాలన్నీ గడగడా చదివేశావు నువ్వు, షాపులో ఆయనే "అమ్మా, మీకు పెద్దగా అవసరం లేదు" అన్నాడు. నేను పట్టుబట్టి కొనిపించాను. ముక్కు మీద జారుతూ ఉంటే వేలితో తోసుకుంటూ మొక్కలకి నీళ్ళు పోసేదానివి. నాకు నవ్వొచ్చేది. ఎంత నీచుణ్ణి చూడు, నవ్వాను.

మొక్కలు కూడా చెప్పాయి. మొగ్గలు రాలిపోతున్నాయి, ఆకులు పండుబారుతున్నాయి అని జనం నీకు తిరిగిచ్చేశారు కొన్ని. "నా చెయ్యి మంచిది కాదేమో" అనుకుంటూ పెరట్లో కూర్చున్నావు నువ్వు. అవి కూడా నీతోపాటే ఆ పొగ పీల్చాయి మరి.

విను. ఇంకా ఉంది.

బడి గోడకి గుద్దుకున్న రోజు నువ్వు నిద్రపోలేదు. వింటున్నావా? నువ్వు నిద్రపోలేదు. నీకు కునుకు పట్టలేదు. నీ అజాగ్రత్త ఇంతైనా లేదు అందులో. నా పైపు నిన్ను పడగొట్టింది.

మరి నిద్రపోయావని ఎవరన్నారు? గుర్తు చేసుకో. నీకేమీ గుర్తులేదు, మలుపు దాకా గుర్తుందంతే. ఆసుపత్రిలో డాక్టరు వచ్చి "ఏమైందమ్మా" అంటే నువ్వు కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు. పక్కనున్న నేను అందుకున్నాను. "రాత్రి పొద్దుపోయేదాకా కుండీలకి మట్టి కలుపుతూ కూర్చుందండీ, నిద్ర చాల్లేదు, కునుకు పట్టుంటుంది" అన్నాను. ఆయన రాసేసుకున్నాడు. మీ అన్నయ్యకీ అదే చెప్పాను. పోలీసాయనకీ అదే. తర్వాత అందరూ నీకు చెప్పారు. నువ్వు నమ్మావు. నేను చెప్పానని నమ్మావు.

అందుకే ఆ బడి వాచ్‌మన్‌ దగ్గరికి వెళ్ళావు. గేటు పక్కన కుర్చీలో కూర్చున్న ముసలాయన, పాపం, బండి తగిలి కాలు విరిగింది. కట్టుతో కాలు పైకి వేలాడేసుకుని పడుకున్నాడు. నువ్వు ఆ మంచం కాళ్ళ దగ్గర నిలబడి చేతులు జోడించావు. నోరు తెరవలేవు కదా. కళ్ళమ్మట నీళ్ళు కారి మూతి కట్టు తడిసిపోయింది. ఆయనే "ఊరుకో తల్లీ, నిద్ర ఎవరికైనా ముంచుకొస్తుంది" అన్నాడు. నేను నీ వెనక పళ్ళ సంచీ పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ సంచీని అడ్డం పెట్టుకుని, చేతులు జోడించకుండా తప్పించుకున్నాను.

ఆ రాత్రి నువ్వు ట్రేలు కడిగి ఆరబెట్టావు, ఇచ్చెయ్యడానికి.

పొద్దున ఈ బండి కింద దూరేటప్పుడు కూడా నా ఆలోచన ఏంటో చెప్పనా? గుట్టుగా ఇది విప్పేసి, కొత్తది బిగించేసి, చిక్కుడు తీగ కింద ముక్క కూడా తీసి ఎక్కడైనా పారేస్తే చాలనుకున్నాను. కొనేవాడికి మంచి బండి దొరుకుతుంది, ఎవరి ప్రాణం మీదికీ రాదు, నా పరువూ దక్కుతుంది. నువ్వు మాత్రం జన్మంతా, నిద్రపోయి ఓ మనిషి కాలు విరగ్గొట్టానని అనుకుంటూ ఇంట్లో కూర్చుంటావు. అంతే కదా, పెద్ద విషయమేముంది! ఛీ.

నువ్వొచ్చి స్టూలు వేసుకుని కూర్చోకపోయుంటే అలాగే చేసేవాణ్ణి.

ఏంటి, లేచావా? ఎక్కడికి? చెప్పులు ఇటొస్తున్నాయే... తిట్టాలని ఉంటే కాలితో ఒక్కటి తన్ను, ఫర్వాలేదు. కుట్లు జాగ్రత్త, వంగకు, వంగకంటే వినవేం...

ఓ.

ఇదేంటి, కాలి మీద చెయ్యి వేశావు? నా పాదం పట్టుకుని... తడుతున్నావు. డోరు మీద కాకుండా నా కాలి మీద. అలా మెల్లిగా, పిల్లాణ్ణి జోకొట్టినట్టు. ఊరుకోండి, తెలియక చేశారు, ఎవరికి మాత్రం తెలుస్తుంది... అదేగా నువ్వు అంటున్నది? ఆ ముసలాయన నీతో అన్నట్టే.

ఇక్కడితో ఆపేస్తే చాలా బాగుంటుంది నాకు. ఈ కొత్త పైపు బిగించుకుంటాను, నువ్వు ట్రేలు అడిగి తెచ్చుకుంటావు, మీ అన్నయ్య కాస్త నవ్వుతారు, అంతా సర్దుకుంటుంది. ఎంత మంచిదానివే నువ్వు!

కానీ చెయ్యి తీసెయ్యి. దయచేసి తీసెయ్యి. తెలియక కాదు.

గోడకి గుద్దుకోడానికి ముందురోజు, పెద్ద కుండీలు బరువని నన్ను తోడు రమ్మన్నావు. గుర్తుందా? తిరిగొస్తుంటే నాకూ తల దిమ్మెక్కింది. కడుపులో తిప్పింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక్కి తిరిగి చూశాను. మొక్కల సందులోంచి, డిక్కీ సందులోంచి, సన్నగా పొగ లోపలికి వస్తోంది. వెనక అద్దం లోపలి వైపు వేలితో రుద్దాను. వేలు నల్లగా అయింది. లోపలి వైపు! నాకు ఆ క్షణంలోనే అర్థమైపోయింది. నీ తలనొప్పి, కళ్ళజోడు, రాలిపోయిన మొగ్గలు, అన్నీ ఒక్కసారిగా.

నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడు నువ్వు మీ అన్నయ్యతో మాట్లాడుతున్నావు, ఫోను స్పీకర్లో పెట్టి. "అన్నయ్యా, బండి చప్పుడు వినపడుతోందా నీకు? వినపడదు! మా ఆయన పనితనం" అంటున్నావు, నవ్వుతూ. ఆయన అవతల్నుంచి "సరేనమ్మా, ఒప్పుకున్నాను, బావగారు గట్టివారే" అంటున్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆ మాట మీద నేనెలా... మింగేశాను. ఆదివారం కొత్తది తెచ్చి చడీచప్పుడు కాకుండా మార్చేద్దాం, ఈ నాలుగు రోజుల్లో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను.

అనుకుని, నా వైపు అద్దం దించుకున్నాను.

నువ్వు "ఆకులు పాడవుతాయండీ" అన్నావు. "ఉక్కగా ఉంది, నా వైపు ఒక్కటేలే" అన్నాను. మొహం బయటికి పెట్టుకుని ఇంటిదాకా హాయిగా గాలి పీల్చుకుంటూ వచ్చాను. నువ్వు నీ అద్దం ఎత్తుకునే ఉన్నావు.

మర్నాడు పొద్దున డిక్కీకి తాడు ముడి వేసింది నేనే. నీకు చేతకాదని కాదు, సాయం చేద్దామని. నువ్వు కూర్చున్నాక తలుపు వేసి, "జాగ్రత్త" అన్నాను. అని లోపలికొచ్చి పేపరు చదువుకున్నాను.

తీసేశావు చెయ్యి. మంచిపని.

ఆ ఫోను ఇలా ఇవ్వు, ఇవ్వకపోతే నేనే బయటికొచ్చి తీసుకుంటాను. నీకు మాట్లాడటం కుదరదు కాబట్టి మీ అన్నయ్యకి నేనే చేస్తాను. బండి చూడ్డానికి ఎవర్నీ తీసుకురావద్దండీ, అది మీ చెల్లెలిది, అమ్మడం లేదు అంటాను. ఎందుకని అడుగుతారు. "మీ చెల్లెలు నిద్రపోలేదు బావగారూ, నేనే తెలిసి తెలిసి పొగలో కూర్చోబెట్టి పంపించాను" అని చెప్తాను. తర్వాత బడి వాచ్‌మన్‌ దగ్గరికి కూడా నేనొక్కణ్ణే వెళ్తాను, ఈసారి పళ్ళ సంచీ లేకుండా. నువ్విక్కడే ఉండి వింటే మంచిదే. వినలేక లోపలికి వెళ్ళిపోతే, వెళ్ళిపో. అటు నుంచి అటే పుట్టింటికి వెళ్ళినా నేనేమీ అనుకోను. అనుకోడానికి నాకేం మొహం ఉందని?